అసౌష్ఠవ కోత సిలికాన్ 111 కొలిమేటర్: లెక్కలో 2 ఆర్క్ సెకన్లు, కొలతలో 28. తేడా ఎక్కడ?

సన్నగీత | #1

ఎక్స్-రే కిరణం కోణపు పరుపుని సన్నబరిచే స్ఫటికం (కొలిమేటర్) అమరిక ఇదీ. కాపర్ ఎక్స్-రే ట్యూబు, లైన్ ఫోకస్, 6° టేకాఫ్ (ట్యూబు లక్ష్యం ముఖం నుంచి కిరణం బయటికొచ్చే కోణం) దగ్గర ఫోకస్ వెడల్పు 0.04 మి.మీ. అక్కడి నుంచి 300 మి.మీ. దూరంలో 0.1 మి.మీ. స్లిట్. స్లిట్ వెనకాలే సిలికాన్ 111 దిమ్మ. దాని ఉపరితలం 111 తలాలకు (స్ఫటికంలోని ఒక అణు పొరల వరుస; 004, 224 లాంటివీ అలాంటి పేర్లే) 12° వాలుగా కోసి ఉంది. కిరణం ఉపరితలాన్ని రాసుకుంటూ పడి, వెడల్పై బయటికి వచ్చే వైపు తిప్పి పెట్టాను.

నా లెక్క: కేఆల్ఫా1కి (కాపర్ ఇచ్చే ముఖ్య ఎక్స్-రే గీత) బ్రాగ్ కోణం (ఆ తలాలు ఆ గీతని తిప్పి పంపే కోణం) 14.22°. పతన కోణం 14.22 − 12 = 2.22°, నిర్గమ కోణం 26.22°. సైన్‌ల నిష్పత్తి 11.4, దాని వర్గమూలం 3.38. సౌష్ఠవ రిఫ్లెక్షన్‌కి (ఉపరితలం తలాలకు సమాంతరంగా ఉన్నప్పుడు) డార్విన్ వెడల్పు (పరిపూర్ణ స్ఫటికం తిప్పి పంపే కోణాల పరిధి) సుమారు 7.2 ఆర్క్ సెకన్లు కాబట్టి లోపలికి తీసుకునేది 24.3, బయటికి వదిలేది 2.1 ఆర్క్ సెకన్లు.

శాంపిల్ మామూలు సిలికాన్ 001 వేఫర్, 004 రిఫ్లెక్షన్. దాని సొంత వెడల్పు 4 దగ్గర. రెండూ కలిపినా 5 దాటకూడదు. రాకింగ్ కర్వ్ (శాంపిల్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ తీసిన తీవ్రత గ్రాఫ్) చూస్తే సగం ఎత్తు దగ్గర వెడల్పు 28! పైగా అసలు శిఖరానికి 220 ఆర్క్ సెకన్ల దూరంలో సగం ఎత్తు కూడా లేని ఇంకో దిబ్బ. వేఫర్ మార్చినా ఇదే. దిమ్మ ఉపరితలం పాడై ఉంటుందా, జిగురు లాగుతోందా? మళ్ళీ పాలిష్ చేయించే ముందు అడుగుదామని.

ఎచింగ్‌బల్ల | #2

రెండు అనుమానాలూ న్యాయమైనవే. రాసుకుంటూ పడే కిరణం పైపొరనే చూస్తుంది. సిలికాన్ 111 సౌష్ఠవంగా ఉంటే ఎక్స్‌టింక్షన్ లోతు (తిరిగి వచ్చే ముందు కిరణం దిగే లోతు) 1.5 మైక్రాన్లు, మీ కోతలో అది దాదాపు సగం, 0.8 మైక్రాన్లు. గ్రైండింగ్ దెబ్బ తిన్న పొర అంతకంటే మందం ఉంటే మీరు కొలిచేది సిలికాన్‌ని కాదు, ఆ పిండిని.

అయినా పాలిష్‌కి తొందరపడకండి. ఆ 220 దగ్గరి దిబ్బ ఉపరితలం చేసే పని కాదు. దెబ్బతిన్న పొర తోకలను లావు చేస్తుంది, పక్కన వేరే శిఖరం పుట్టించదు. జిగురు లాగితే పుట్టొచ్చు కానీ, వేఫర్ మార్చినా, అమరిక మళ్ళీ చేసినా సరిగ్గా 220 దగ్గరే ఎందుకుంటుంది?

డ్యూమండ్‌పటం | #3

ఆ దిబ్బే దొంగని పట్టిస్తోంది. అది కేఆల్ఫా2, కేఆల్ఫా1 పక్కనే ఉండే రెండో గీత.

కేఆల్ఫా1 తరంగదైర్ఘ్యం 1.54056 ఆంగ్‌స్ట్రామ్‌లు, కేఆల్ఫా2ది 1.54439. సాపేక్ష తేడా 2.49 × 10⁻³. కొలిమేటర్ దగ్గర బ్రాగ్ కోణం టాంజెంట్ 0.2534, శాంపిల్ దగ్గర 004 బ్రాగ్ కోణం 34.56°, టాంజెంట్ 0.6889. తీసివేస్తే 0.4355. దాన్ని 2.49 × 10⁻³తో గుణిస్తే 1.08 × 10⁻³ రేడియన్లు, అంటే 223 ఆర్క్ సెకన్లు. మీకు కనబడింది 220.

ఇక అదే 0.4355ని కేఆల్ఫా1 గీత సొంత వెడల్పుతో గుణించండి. ఆ గీత వెడల్పు సుమారు 10 వేలకు 3 వంతులు. వచ్చేది 1.3 × 10⁻⁴ రేడియన్లు, 27 ఆర్క్ సెకన్లు. దానికి శాంపిల్ 4, కొలిమేటర్ 2 కలిస్తే మీ 28 వచ్చేసింది. దిమ్మలో తప్పు లేదు, జిగురులోనూ లేదు. ఒక తలాంతరం (తలాల మధ్య దూరం) ఉన్న కొలిమేటర్‌తో ఇంకో తలాంతరం ఉన్న రిఫ్లెక్షన్ కొలుస్తున్నారు, అంతే.

ఇందులోనే ఇంకో సంగతి తేలిపోయింది. మీ రెండు స్ఫటికాలూ ప్లస్-మైనస్ అమరికలోనే (రెండోది కిరణాన్ని మొదటిదానికి ఎదురు వైపు వంచేది) ఉన్నాయి. పొరపాటున శాంపిల్‌ని అవతలి వైపు తిప్పి ప్లస్-ప్లస్‌లో పెట్టి ఉంటే టాంజెంట్‌లు తీసివేతకు బదులు కూడికవుతాయి: 0.9423. అప్పుడు వెడల్పు 58, దిబ్బ 483 దూరంలో కనబడేవి.

సన్నగీత | #4

ఈ లెక్క ఒప్పుకోక తప్పదు. కానీ ఒకటి మింగుడు పడటం లేదు. కొలిమేటర్ నుంచి బయటికొచ్చేది 2.1 ఆర్క్ సెకన్ల కిరణమైతే, దాంతో ఏ రిఫ్లెక్షన్ కొలిచినా సన్నగానే రావాలి కదా? సన్న కిరణం సన్న కిరణమే. లేక 2.1 అన్నదే అబద్ధమా?

డ్యూమండ్‌పటం | #5

అబద్ధం కాదు, సగం వాక్యం. పూర్తి వాక్యం: *ఒక్కొక్క తరంగదైర్ఘ్యానికి* 2.1.

కాగితం మీద అడ్డంగా కోణం, నిలువుగా తరంగదైర్ఘ్యం పెట్టండి. డ్యూమండ్ 1937లో గీసిన పటమే. బ్రాగ్ నియమం అందులో ఒక వాలు గీత. స్ఫటికం ఆ గీత వెంట ఒక సన్నని పట్టీని పంపుతుంది. సౌష్ఠవ స్ఫటికంలో లోపలి పట్టీ, బయటి పట్టీ రెండూ 7.2 వెడల్పు. మీ కోతలో లోపలి పట్టీ 24.3, బయటిది 2.1. పట్టీ సన్నబడింది, దాని వాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. కేఆల్ఫా1 గీత వెడల్పు మేరకు ఆ వాలు వెంట పైకీ కిందకీ పోతే, అడ్డంగా 0.2534 × 3 × 10⁻⁴, అంటే దాదాపు 16 ఆర్క్ సెకన్లు పరుచుకుంటుంది. మీ కిరణం మొత్తం విసనకర్ర 16. ఒక్కో పుల్ల మందం 2.1. కేఆల్ఫా2 అనేది 130 ఆర్క్ సెకన్ల అవతల ఇంకో విసనకర్ర.

«నా మూలం చాలా దూరంలో ఉంది, ఒకే దిశ నుంచి వస్తోంది, కాబట్టి పరుచుకోదు» అని కొందరు అంటారు. అదీ తప్పే. అసౌష్ఠవ కోత ఉన్న స్ఫటికం గ్రేటింగ్‌లా ప్రవర్తిస్తుంది. ఉపరితలం వెంట ఉండే తరంగ సదిశ భాగం నిలవాలి కాబట్టి, పతన దిశ మారకపోయినా తరంగదైర్ఘ్యం మారితే నిర్గమ దిశ మారుతుంది. ఎంతంటే, సాపేక్ష తరంగదైర్ఘ్య మార్పుని 2 × సైన్(బ్రాగ్) × సైన్(వాలు) ÷ సైన్(నిర్గమ)తో గుణించినంత. మీ కోతకి ఆ గుణకం 0.231. బ్రాగ్ వాలు 0.2534కి అది ఎంత దగ్గరో చూడండి. ఆ చిన్న తేడాని గీత వెడల్పుతో గుణిస్తే 1.4 ఆర్క్ సెకన్లు, అంటే 2.1 పట్టీలో ఇమిడిపోతుంది. రెండు దారుల్లో లెక్కేసినా ఒకే పట్టీలో పడుతున్నామన్నమాట. సౌష్ఠవ కోతకి సైన్(వాలు) సున్నా కాబట్టి ఈ గ్రేటింగ్ గుణం ఉండదు.

రేపే ఒక పరీక్ష చేయండి. శాంపిల్ స్థానంలో 111 ముఖం ఉన్న సిలికాన్ వేఫర్ పెట్టి, సౌష్ఠవ 111 రిఫ్లెక్షన్‌నే కొలవండి. తలాంతరం ఒకటే కాబట్టి రెండు వాలులూ కొట్టేసుకుంటాయి. వెడల్పు 7.5 దగ్గర రావాలి, దిబ్బ మాయమవ్వాలి. అలా వస్తే మీ దిమ్మ ఆరోగ్యంగా ఉన్నట్టే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

వక్రీభవనం | #6

తర్వాత చదివేవాళ్ళు తికమక పడకుండా రెండు మాటలు.

మొదటిది, అసౌష్ఠవ గుణకం «బి» సంగతి. డైనమికల్ సిద్ధాంతం రాసేవాళ్ళు చాలామంది సైన్(పతన) ÷ సైన్(నిర్గమ) అంటారు. బ్రాగ్ జ్యామితిలో దానికి రుణ గుర్తు కూడా పెడతారు. ఈ కోతకి పరిమాణం 0.088. ఇమేజింగ్ వాళ్ళు తలకిందులు చేసి 11.4 అనీ, మాగ్నిఫికేషన్ అనీ అంటారు. ప్రోగ్రామ్‌లో 12° అని ఇచ్చి గుర్తు తప్పితే వెడల్పు చేసే స్ఫటికం కాస్తా కుదించే స్ఫటికమైపోతుంది, ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. నడిపాక ముందు చూడాల్సింది స్వీకరణ కోణం: 24 వచ్చిందా, 2 వచ్చిందా?

రెండోది వక్రీభవన సవరణ. సౌష్ఠవంలో శిఖరం బ్రాగ్ కోణానికి 2 × డెల్టా ÷ సైన్(2థీటా) మేర పైకి జరుగుతుంది (థీటా అంటే బ్రాగ్ కోణం, డెల్టా అంటే వక్రీభవన గుణకం 1 కంటే ఎంత తక్కువో). కాపర్ కేఆల్ఫాకి సిలికాన్ డెల్టా 7.6 × 10⁻⁶, అంటే 6.6 ఆర్క్ సెకన్లు. అసౌష్ఠవంలో లోపలి వైపు జరుగుడు డెల్టా ÷ సైన్(2థీటా) × (1 + 11.4) = 41 ఆర్క్ సెకన్లు; బయటి వైపు 3.6 మాత్రమే. పతన, నిర్గమ కోణాలు కలిపితే 2థీటా రాలేదని డిటెక్టర్ సున్నాని జరిపేవాళ్ళున్నారు. జరపాల్సింది డిటెక్టర్‌ని కాదు, ఈ 45 ఆర్క్ సెకన్లని లెక్కలోకి తీసుకోవాలి.

వాలు కోణం కొలిచేటప్పుడూ ఇదే చిక్కు. డిటెక్టర్‌ని 28.44° దగ్గర ఆపి, స్లిట్ తెరిచి, స్ఫటికాన్ని ఒకసారి అలాగే, ఒకసారి 180° తిప్పి ఒమెగా (ఉపరితలానికి కిరణం చేసే కోణం) శిఖరాలు తీస్తారు. తేడాలో సగం వాలు. కానీ ఒక శిఖరం 41, ఇంకొకటి 3.6 జరిగి ఉంటాయి కాబట్టి వాలు 0.005° తక్కువ చూపిస్తుంది. గ్రైండింగ్‌కి అది పట్టించుకోనక్కర్లేదు. నివేదికలో నాలుగు దశాంశాలు రాసేవాళ్ళు మాత్రం పట్టించుకోవాలి.

సన్నగీత | #7

111 వేఫర్‌తో కొలిచాను. 7.9. దిబ్బ లేదు.

మరి 004 కొలవాలంటే దారేమిటి? కేఆల్ఫా2ని స్లిట్‌తో నరికేస్తే సరిపోతుందా?

డ్యూమండ్‌పటం | #8

7.9 అంటే దిమ్మ బాగున్నట్టే.

కేఆల్ఫా2ని నరకడం తేలిక. అసౌష్ఠవ కోత అందుకు సాయపడుతుంది కూడా. మీ ఫోకస్ నుంచి దిమ్మ 300 మి.మీ. దూరంలో ఉంది. రెండు గీతలు దిమ్మని తాకే దిశల మధ్య 130 ఆర్క్ సెకన్లు, అంటే కిరణం అడ్డకోతలో 0.19 మి.మీ. ఎడం. దిమ్మ దాన్ని 11.4 రెట్లు సాగదీస్తుంది: 2.2 మి.మీ. ఒక్కో గీత తెచ్చే పట్టీ, ఫోకస్ సైజు, స్వీకరణ కోణం, గీత వెడల్పు అన్నీ కలిపినా మి.మీ. లోపే. కాబట్టి దిమ్మ తర్వాత 1 మి.మీ. స్లిట్ పెట్టి అడ్డంగా జరుపుతూ పోతే రెండు పట్టీలు విడివిడిగా తగులుతాయి. ముందున్న మీ 0.1 స్లిట్‌ని సరిగ్గా నడిపితే కేఆల్ఫా2 దిమ్మ దాకా రానే రాదు. మీకు దిబ్బ కనబడుతోందంటే ఆ స్లిట్ రెండు దిశలకూ మధ్యలో కూర్చుని ఉండాలి, లేదా దాని అంచుల పక్కనుంచి కిరణం జారుతూ ఉండాలి.

కానీ ఇది దిబ్బనే తీస్తుంది. 28ని కాదు. గీత సొంత వెడల్పుని స్లిట్ నరకలేదు.

28 పోవాలంటే కొలిమేటర్ కూడా 004 కావాలి. వాలు 30° పెడితే పతనం 4.56°, నిర్గమం 64.56°. నిష్పత్తి చూడండి: 0.903 ÷ 0.0795 = 11.4. మీ 111 దిమ్మ ఎంత సాగదీస్తుందో అంతే. బయటి వెడల్పు 1.1, లోపలి స్వీకరణ 13 ఆర్క్ సెకన్లు. 24 నుంచి 13కి దిగింది కాబట్టి తీవ్రత సగానికి పడిపోతుంది; 004 దగ్గర పై (π) ధ్రువణం, అంటే విక్షేప తలంలో కంపించే భాగం, కూడా బలహీనం, కొసైన్(69°) = 0.36. ఆ నష్టం తప్పదు.

గాలియం ఆర్సెనైడ్ 004 కొలిచేవాళ్ళకీ ఇదే దిమ్మ చాలు. దాని బ్రాగ్ కోణం 33.02°, టాంజెంట్ 0.650. తేడా 0.039 మాత్రమే, గీత వెడల్పుతో గుణిస్తే 2.4 ఆర్క్ సెకన్లు.

పదార్థం మారుతూ, రిఫ్లెక్షన్ మారుతూ ఉండే ల్యాబ్‌కి మాత్రం అసౌష్ఠవ దిమ్మ ఒక్కటే పెట్టుకోవడం దండగ. బార్టెల్స్ 1983లో చూపించిన నాలుగు రిఫ్లెక్షన్ల జర్మేనియం 220 మోనోక్రోమేటర్ లాంటిది కావాలి. దానిలో రెండు ఛానెల్ స్ఫటికాలు (గాడి కోసిన దిమ్మలు) ఎదురెదురుగా, డిస్పర్సివ్‌గా (తరంగదైర్ఘ్యాలని విడదీసే తీరులో) ఉంటాయి కాబట్టి తరంగదైర్ఘ్యం కూడా కట్టడి అవుతుంది, శాంపిల్ తలాంతరం ఏదైనా ఫరవాలేదు. తీవ్రత పోతుంది, బతుకు సుఖం.

రాత్రిషిఫ్టు | #9

సింక్రోట్రాన్ వైపు నుంచి ఒక మాట. అక్కడ ఎనర్జీ తిప్పుకోవచ్చు కాబట్టి ఒకే దిమ్మతో మాగ్నిఫికేషన్ మారుతుంది. ఇదే 12° కోత 111 దిమ్మకి 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర 11, 9.0 దగ్గర బ్రాగ్ కోణం 12.69°కి దిగి పతనం 0.69° అవుతుంది, మాగ్నిఫికేషన్ 35. ఇంకొంచెం తిప్పి 9.5కి పోతే కిరణం ఉపరితలానికి సమాంతరం, ఏమీ రాదు. ఎనర్జీ స్కాన్ నడుస్తుండగా దిమ్మ «చచ్చిపోయింది» అని కంగారు పడేది ఈ చోటే.

రెండు దిమ్మల్ని అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పెడితే రెండు దిశల్లోనూ పెద్దదైన బొమ్మ వస్తుంది. బోటింగర్, బర్డెట్, కురియామా 1979లో ఈ దారి వేశారు. ఇబ్బంది ఎక్కడంటే, శాంపిల్ నుంచి మొదటి దిమ్మ దాకా, అక్కడి నుంచి రెండో దిమ్మ దాకా దూరాలు రెండు దిశలకూ వేరు కాబట్టి ఫ్రెనెల్ అంచులు (బొమ్మ అంచుల దగ్గర వివర్తనం వేసే చారలు) అడ్డంగా ఒక రకంగా, నిలువుగా ఇంకో రకంగా వస్తాయి. దిమ్మల్ని శాంపిల్‌కి వీలైనంత దగ్గరగా తోయడమే మందు.

ఇంకోటి, 50 రెట్లు కావాలని ఒకే దిమ్మని 0.5° దాకా వాల్చకండి.

వక్రీభవనం | #10

ఆ చివరి మాటకి లెక్క జత చేస్తాను. 0.5° దగ్గర మాగ్నిఫికేషన్ 54. వక్రీభవన జరుగుడు 180 ఆర్క్ సెకన్లు, అంటే 0.05°, పతన కోణంలో పదో వంతు. అంత జరిగాక «బి» ఒక స్థిరాంకం అని నటించడం కుదరదు. రాకింగ్ కర్వ్ వెంట పోతుంటే అదే మారుతూ ఉంటుంది. సిలికాన్ క్రిటికల్ కోణం 0.22°. దానికి దగ్గరయ్యే కొద్దీ అద్దంలా వెనక్కి పోయే కిరణాన్ని కూడా లెక్కలో పెట్టే విస్తృత సిద్ధాంతం వాడాలి, మామూలు సూత్రాలు పనికిరావు. నా మటుకు 1.5°కి దిగను. 16 రెట్లు కావాలా, 4 రెట్ల దిమ్మలు రెండు పెట్టుకోవడం మేలు. కోరా 1962లో అతి సన్నని కిరణం కోసం వరుసగా అసౌష్ఠవ రిఫ్లెక్షన్లు వాడమన్నది ఊరికే కాదు.

పొరలపని | #11

కొలిమేటర్ గొడవ పక్కన పెట్టి శాంపిల్ వైపు అసౌష్ఠవం గురించి అడగొచ్చా? గాలియం ఆర్సెనైడ్ 001 మీద ఇండియం గాలియం ఆర్సెనైడ్ పొర, రిలాక్సేషన్ (ఆధారం పట్టు నుంచి పొర లాటిస్ ఎంత సడలిందో) కోసం 224 రెసిప్రొకల్ స్పేస్ మ్యాప్ (శాంపిల్, డిటెక్టర్ కోణాలు రెండూ మారుస్తూ తీసే తీవ్రత పటం). మాన్యువల్లో రాసుకుంటూ పడే వైపు ఒకటి, రాసుకుంటూ బయటికొచ్చే వైపు ఒకటి ఉన్నాయి. ఏది ఎప్పుడు? కొందరు 224 మానేసి 115 తీస్తారు, ఎందుకు?

వక్రీభవనం | #12

224 బ్రాగ్ కోణం 41.87°, 001కి దాని వాలు 35.26°. కాబట్టి ఒక వైపు 6.61°, ఇంకో వైపు 77.13°.

6.61° పతనం: పాదముద్ర కిరణం వెడల్పుకి 8.7 రెట్లు. 1 మి.మీ. కిరణానికి శాంపిల్ 9 మి.మీ. ఉండాలి, 5 మి.మీ. ముక్క మీద సగం కిరణం హోల్డర్ మీద పడుతుంది. కిరణం పొరలో ఎక్కువ దూరం నడుస్తుంది కాబట్టి పల్చటి పొర నుంచి సిగ్నల్ బాగా వస్తుంది. ఎనలైజర్ స్ఫటికం (డిటెక్టర్ ముందు పెట్టే స్ఫటికం) ఉంటే ఇది బాగుంటుంది.

6.61° నిర్గమం: కిరణం బయటికి వచ్చేటప్పుడు కుదించుకుపోతుంది. 1 మి.మీ. లోపలికి పోయింది 0.12 మి.మీ.గా డిటెక్టర్ మీద పడుతుంది. ఎనలైజర్ లేకుండా స్ట్రిప్ డిటెక్టర్‌తో మ్యాప్ తీసేవాళ్ళకి ఇదే కావాలి, ఎందుకంటే అక్కడ 2థీటా రిజల్యూషన్‌ని తేల్చేది డిటెక్టర్ మీది మచ్చ వెడల్పే. అదే డిటెక్టర్‌తో అవతలి వైపు తీస్తే 8.5 రెట్లు సాగిన మచ్చ పడుతుంది, మ్యాప్ అంతా అలుక్కుపోయినట్టుంటుంది. చాలామంది పొర పాడైందని నిర్ణయించేస్తారు.

115 ఎందుకంటే, వాలు 15.79° కాబట్టి కోణాలు 29° / 61°, చిన్న ముక్కకి హాయి. పాదముద్ర కిరణానికి రెండు రెట్లే. కానీ సమాంతర దిశ భాగం తక్కువ, అంటే రిలాక్సేషన్‌కి స్పందన తక్కువ. పైగా గాలియం ఆర్సెనైడ్ 115 బ్రాగ్ కోణం 45.07°: 2థీటా దాదాపు లంబకోణం, పై (π) ధ్రువణం దాదాపు సున్నా. ట్యూబు కిరణంలో సగం వృథా.

మ్యాప్ తీసేముందు 004ని 0°, 180° అజిముత్‌లలో (శాంపిల్‌ని దాని ముఖం లంబం చుట్టూ తిప్పిన కోణం) కొలవండి. పొర, ఆధారం శిఖరాల ఎడం రెండు చోట్లా ఒకటే అయితే పొర వంగి లేదు. వేరైతే సగటు నిజమైన ఎడం, తేడాలో సగం వంపు. ఆ వంపు తీయకుండా 224 మ్యాప్‌లో శిఖరం పక్కకి జరిగిందని రిలాక్సేషన్ శాతం రాసేస్తే అది శాతం కాదు, ఊహ.

సంపూర్ణ లాటిస్ విలువ కావాలంటే వక్రీభవనం కూడా తీయాలి. 6.61° వైపు అది 28 ఆర్క్ సెకన్లు. ఆధారం శిఖరంతో పోల్చి మాత్రమే చదివితే రెండూ దాదాపు సమానంగా జరుగుతాయి కాబట్టి దాన్ని వదిలేయవచ్చు.

పొరలపని | #13

స్ట్రిప్ డిటెక్టర్, 5 మి.మీ. ముక్క. ఇన్నాళ్ళూ తీసింది తప్పు వైపు. ధన్యవాదాలండీ.

సన్నగీత | #14

004, 30° కోత దిమ్మ చేయించబోతున్నాను. ఎచింగ్‌బల్ల గారూ, కోత నుంచి బిగింపు దాకా ఏం చెప్పాలో రాస్తారా? 001 వేఫర్ మీదే 111 కొలిచి పని కానిద్దామా అని కూడా ఒక ఆలోచన.

డ్యూమండ్‌పటం | #15

ఆలోచన మానుకోండి. 001 ముఖానికి 111 వాలు 54.7°, బ్రాగ్ కోణం 14.2°. కిరణం శాంపిల్ అడుగు నుంచి రావాలి.

ఎచింగ్‌బల్ల | #16

దిమ్మ: 10 మి.మీ. మందానికి తగ్గనివ్వకండి. వేఫర్ ముక్కని ఇత్తడి మీద అంటించి «స్ఫటికం» అనడం ఈ పనికి కుదరదు. ఎందుకో లెక్క: మీ పాత 111 దిమ్మ మీద 0.5 మి.మీ. కిరణం పడితే పాదముద్ర 12.9 మి.మీ. ఆ పొడవులో తలాలు 2.1 ఆర్క్ సెకన్లు వంగినా కొలిమేషన్ సగం పోయినట్టే. అంటే వంపు వ్యాసార్థం 1.3 కిలోమీటర్ల కంటే ఎక్కువ ఉండాలి. అర మిల్లీమీటర్ వేఫర్‌ని ఎపాక్సీ ఎండేటప్పుడు అంతకంటే ఎన్నో రెట్లు వంచుతుంది. 004 దిమ్మకి మీ 0.1 స్లిట్‌తో పాదముద్ర 1.3 మి.మీ.యే కాబట్టి ఒత్తిడి తక్కువ, అయినా మందం పెట్టండి.

దిశ: గోనియోమీటర్ మీద 004 శిఖరం పట్టి, అక్కడి నుంచి 30° వాల్చి, గోనియోమీటర్‌తో సహా రంపం మీదికి తీసుకెళ్ళాలి. విప్పి మళ్ళీ బిగిస్తే పావు డిగ్రీ ఎక్కడికో పోతుంది. వాలు దిశ విక్షేప తలంలో లేకుండా 5° పక్కకి తిరిగినా 30 కాస్తా 29.9 అవుతుంది, మాగ్నిఫికేషన్‌కి అది పెద్ద నష్టం కాదు కానీ బయటికొచ్చే చతురస్రం సమాంతర చతుర్భుజంగా వస్తుంది.

కోశాక 9 మైక్రాన్ల అల్యూమినాతో రుద్దండి. రుద్దిన రేణువుకి కొన్ని రెట్ల లోతు దాకా దెబ్బ ఉంటుంది కాబట్టి తర్వాత ఎచింగ్‌లో 50 మైక్రాన్లు తీయాలి. గాఢ నైట్రిక్ ఆమ్లం 95 పాళ్ళు, 49 శాతం హైడ్రోఫ్లోరిక్ 5 పాళ్ళు. నైట్రిక్‌లోకి హైడ్రోఫ్లోరిక్ పోయాలి, ప్లాస్టిక్ పాత్రలోనే. గాజుని ఈ ఆమ్లం తినేస్తుంది. వేడెక్కుతుంది, ఎర్రటి పొగ వస్తుంది, ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టుకోవద్దు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే చోట ఉండాలి. ఈ ఆమ్లం పడిన చోట నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది, లోపల నష్టం మాత్రం ఆగదు. ఎంత పోయిందో గడియారంతో కాదు, మైక్రోమీటర్‌తో చూడండి. వేడెక్కే కొద్దీ వేగం మారిపోతుంది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఎచింగ్ తర్వాత ముఖం మెరుస్తుంది కానీ నారింజ తొక్కలా సన్నని ఎత్తుపల్లాలు ఉంటాయి. సౌష్ఠవ రిఫ్లెక్షన్‌కి వాటితో పనిలేదు. తలాలు నిటారుగానే ఉంటాయి కదా. రాసుకుంటూ పడే కిరణానికి అలా కాదు. మీ 111 దిమ్మ మీద ఉపరితలం 0.05° వాలు మారితే స్వీకరణ మధ్యబిందువు దాదాపు 1 ఆర్క్ సెకను జరుగుతుంది. బయటి దిశ అంతగా కదలదు, కానీ కిరణం అడ్డకోతలో మచ్చలు మచ్చలుగా వెలుగుతుంది. కాబట్టి ఎచింగ్ తర్వాత క్షార కొలాయిడల్ సిలికాతో మెత్తటి ప్యాడ్ మీద పాలిష్ తప్పదు. అంచులు ఎటూ గుండ్రబడతాయి, చివర 3 మి.మీ. వాడకండి.

బిగింపు: ఒక్క చివర చిన్న చుక్క మైనం, మిగతా బరువు దానంతట అదే ఆనాలి. మూడు చోట్ల స్క్రూలు బిగించడం అంటే మూడు చోట్ల వంచడమే. ఇంకా మంచిది, దిమ్మ అడుగు నుంచి 4 మి.మీ. ఎత్తులో అడ్డంగా సగం పైగా లోతు గాడి కోయించండి. బిగింపు ఒత్తిడి గాడి కిందే ఆగిపోతుంది.

సన్నగీత | #17

గది వేడి ఎంత నిలకడగా ఉండాలి?

వక్రీభవనం | #18

లాటిస్ వరకు భయం లేదు. సిలికాన్ వ్యాకోచ గుణకం 2.6 × 10⁻⁶. 004కి డిగ్రీకి 0.37 ఆర్క్ సెకన్లు, 111కి 0.14. జరిగేది స్ఫటికం కాదు, దాని కింద ఉన్న అల్యూమినియం బల్ల. దాన్ని కప్పి ఉంచండి, మోటారు వేడి తగలనివ్వకండి.

ఎచింగ్‌బల్ల | #19

ఒకటి మరిచాను. 004 దిమ్మ కోసిన రోజే, పతన దిశ చూపిస్తూ బాణం చెక్కించండి. 180° తిరిగి బిగిస్తే ఇదే దిమ్మ సాగదీయడం మాని కుదిస్తుంది, 13 ఆర్క్ సెకన్లు బయటికి వదులుతుంది. శిఖరం మాత్రం చక్కగా దొరుకుతుంది కాబట్టి అనుమానం రాదు. బాణం పక్క ముఖం మీద ఉండాలి. అడుగు మీద చెక్కితే మైనం కింద పోతుంది, పై ముఖం మీద చెక్కితే ఎచింగ్‌లో పోతుంది.

సన్నగీత | #20

పక్క ముఖం, గాడి పైన. డ్రాయింగ్‌లో వేశాను.